చివరి బండి మనిషి

సైన్యం నుంచి ఇంటికి వచ్చేటప్పుడు తవిటినాయుడి చేతిలో ఇరవై రెండు లక్షలున్నాయి. ఆ డబ్బుతో ఏం చేయాలో ఊళ్ళో అందరికీ తెలుసు. అతనితో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

డాబా మీద ఇంకో అంతస్తు వేయమన్నవాళ్ళున్నారు. రొయ్యల చెరువు కౌలుకి పట్టమన్నవాళ్ళున్నారు. పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చిన మనిషికి ముప్ఫై ఏడు నిండాయి. పింఛను ఇంటి ఖర్చుకి సరిపోతుంది. కానీ అరవై వచ్చేదాకా మిగిలిన ఇరవై మూడేళ్ళూ ఏం చేస్తూ బతకాలి అన్న లెక్కకి పింఛను జవాబు కాదు. అందుకని అతను తనే ఉద్యోగం వెతుక్కున్నాడు. హైవే పక్కన రెండు చోట్లకి వెళ్ళాడు. రెండు చోట్లా మర్యాదగా టీ ఇచ్చి, గేటు దగ్గర కాపలా పోస్టు ఉందని చెప్పారు.

ఎర్రకొండ కింద ఆశ్రమంలో ఉండే పరదేశయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. భక్తి అంటే ఏమిటని అడిగిన ఒక లెక్చరరు వారం పాటు ఆవులకి నీళ్ళు తోడాడు. అందుకే ఆ ఆశ్రమంలో జనం ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. తవిటినాయుడు కుర్రతనం నుంచీ ఆయన శిష్యుడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఒక శనివారం సాయంత్రం అడిగాడు.

"గురువుగారూ, నేను చేసిన పనికి అక్కడ విలువుంది. బయటికొస్తే ఆ పనికి పేరు కూడా లేదు. అలాంటప్పుడు అది పనేనా, కాదా?"

పరదేశయ్యగారు చాప మీద కూర్చుని అరటినార చీలుస్తున్నారు. తల ఎత్తకుండానే, "ఏం జరిగింది?" అన్నారు.

తవిటినాయుడు చెప్పాడు. మొదట వెళ్ళింది రొయ్యల మేత ఫ్యాక్టరీకి. సరుకు లారీలు చూసుకునే మనిషి కావాలన్నారు. యజమాని కొడుకు, ఇరవై అయిదేళ్ళ అబ్బాయి, ఎంతో గౌరవంగా మాట్లాడాడు. ఆర్మీలో మీరేం చేసేవారండీ అని అడిగాడు.

"కాన్వాయ్‌లో చివరి బండి నాదండీ. ఆరేళ్ళు," అన్నాడు ఇతను.

ఆ అబ్బాయి మొహంలో జాలి కనిపించింది. "అంటే, ముందు బండి ఎప్పుడూ ఇవ్వలేదా మీకు?" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మంచుకొండల్లో నలభై బండ్లు వరసగా కదిలితే ముందు బండి దారి చూస్తుంది. చివరి బండిలో ఒక మెకానిక్కు, లాగడానికి తాళ్ళు, అదనపు టైర్లు, ఒక హవల్దారు ఉంటారు. మధ్యలో ఏ బండి ఆగినా దాని వెనక ఆగేది ఆ బండే. అది దాటిపోయిందంటే ఇక దారిలో మనవాళ్ళెవరూ మిగల్లేదని అర్థం. వరసకి మనుషుల్ని వేసేటప్పుడు తవిటినాయుడి అధికారి మొట్టమొదట చెప్పే పేరు ఆ చివరి హవల్దారుదే. ఆ సీటు అడిగితే ఇచ్చేది కాదు. 'చివరి బండి నాది' అన్న ఒక్క మాటతో సంగతంతా చెప్పేశాననుకున్నాడు తవిటినాయుడు. వాళ్ళ దళంలో ఆ మాట అన్నాక ఇంకేమీ చెప్పనవసరం లేదు మరి.

రెండో చోటు ఒక కోల్డ్ స్టోరేజి. ఈసారి అతను చివరి బండి ఊసెత్తలేదు. సామాన్ల రవాణా చూసేవాణ్ణన్నాడు. పెద్ద సమస్యలు ఏమైనా ఎదుర్కొన్నారా అని అడిగారు. "లేదండీ, నా చేతిలో ఉన్నన్నాళ్ళూ ఏమీ జరగలేదు," అన్నాడు కాస్త గర్వంగానే. అడిగినాయన తల పంకించి పక్కనాయన వైపు చూశాడు. పక్కనాయన కిటికీలోంచి గేటు వైపు చూశాడు.

"ఇక మిగిలింది పాల డెయిరీ ఒక్కటే, గురువుగారూ. ఊళ్ళమ్మట తిరిగి పాలు తెచ్చే వ్యాన్లు చూసుకోవాలి. సోమవారం పదింటికి రమ్మన్నారు. అదీ కాకపోతే హైదరాబాదే. అక్కడ మా బావ ఒక అపార్టుమెంట్లో సెక్యూరిటీ పని చూసిపెట్టాడు. సోమవారం సాయంత్రానికి ఏదో ఒక మాట చెప్పాలి."

"హైదరాబాదుకి ఏం తక్కువ?"

 తవిటినాయుడు కూతురి సంగతి చెప్పాడు. లిఖితకి పదేళ్ళు. అతను సైన్యంలో ఉన్నప్పుడు ఫోన్లో గలగలా మాట్లాడేది. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే సిగ్గుపడి గోడ వైపు చూస్తోంది. మొన్న పక్కగదిలోంచి తల్లి ఫోను తీసుకుని అతనికే కాల్ చేసి, 'నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది' అంది.

"మళ్ళీ వెళ్ళిపోతే ఆ పిల్లకి నేను ఫోన్లోనే మిగిలిపోతానండీ."

పరదేశయ్యగారు చీల్చిన నారంతా ఒక పక్కకి పెట్టారు. "రేపు తెల్లవారుజామున కొండ చుట్టూ నడక ఉంది. నువ్వు అందరికన్నా చివర నడు," అన్నారు.

"నేను అడిగింది..."

"విన్నాను."

ఆదివారం నడకకి నలభై మందికి పైగా వచ్చారు. ఎర్రకొండ చుట్టూ దారి రెండు గంటలు పడుతుంది. సగం గులకరాళ్ళు, సగం ముళ్ళ డొంకలు. పరదేశయ్యగారు ముందు నడిచారు. ఆయన వెనక భజన చేసేవాళ్ళు, వాళ్ళ వెనక కబుర్లు చెప్పుకునేవాళ్ళు, వాళ్ళ వెనక ఊపిరి సరిపోక కబుర్లు మానేసినవాళ్ళు. తవిటినాయుడు అందరూ కదిలేదాకా ఆగి, మొదటి మలుపు దాటనిచ్చి, అప్పుడు అడుగు వేశాడు. అక్కడి నుంచి చివరి దాకా అతను వాళ్ళకి ఒక మలుపు వెనకే ఉన్నాడు.

మూడో మలుపు దగ్గర ఆదెమ్మ అనే కూరగాయలమ్ముకునే ముసలమ్మ చెప్పు తెగింది. రాతి మీద కూర్చుని చెప్పుని తిడుతోంది. తవిటినాయుడు వచ్చి, జేబులోంచి సన్నటి తీగ తీసి, పట్టీని రెండు చుట్లు బిగించి కట్టాడు. ఆవిడ లేచి నాలుగడుగులు వేసి చూసుకుంది. ఆమె మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

నడక అయ్యాక అందరూ ఆశ్రమం వసారాలో చోడి అంబలి గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. పరదేశయ్యగారు తన గ్లాసు సగం తాగి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు.

"ఇవాళ అందరికన్నా వెనక ఎవరు నడిచారు?"

"నానే, గురువుగారూ," అంది ఆదెమ్మ. "నా ఎనక పిట్ట కూడా నేదు."

"భలేదానివే, అప్పా," అన్నాడు టైలర్ పోలయ్య. "నువ్వు నా ముందే కదా కుంటుకుంటూ పోయావు. కళ్ళు తిరిగి నేను చింతచెట్టు దగ్గర కూలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే మనిషన్నవాడు లేడు. చివరోణ్ణి నేను."

"ఇద్దరూ కాదు, నేను," అన్నాడు బస్సు కండక్టర్ ఢిల్లేశ్వరరావు, కొంచెం సిగ్గుపడుతూ. "క్వారీ పక్క నుంచి అడ్డదారి ఉందని దిగాను. మళ్ళీ వెనక్కొచ్చి దారి పట్టుకునేసరికి మీ ఇద్దరూ ఎక్కడో ఉన్నారు."

"అంబలికి ముందొద్దామని దిగినావు. అది సెప్పు," అంది ఆదెమ్మ. వసారా అంతా నవ్వింది.

పరదేశయ్యగారు పోలయ్య వైపు తిరిగారు. "కళ్ళు తిరిగి కూలబడ్డావు. మరి ఎలా లేచావు?"

"ఈ నాయుడొచ్చి బెల్లం ముక్క పెట్టాడండీ నోట్లో. షుగరు పడిపోయినట్టుంది."

"ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

పోలయ్య ఆలోచించాడు. "ఏమోనండీ. ఎటునుంచో వచ్చాడు."

"నన్నూ ఇతనే కేకేసి వెనక్కి పిలిచాడు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "ఆ అడ్డదారి కింద మొత్తం తవ్వేశారట. ఇంకో పది అడుగులు వేస్తే ఇవాళ మీకు అంబలి మిగిలేది."

"నా సెప్పూ ఈ నాయుడే కట్టినాడు. కట్టీసి ఎటో ఎల్లిపోనాడు."

"ఎటు వెళ్ళాడు?"

"నాకేటి తెలుసు, బావూ. నాను ముందుకి సూసి నడుస్తన్నాను గదా."

తవిటినాయుడు వసారా చివర స్తంభం పక్కన కూర్చుని ఉన్నాడు. పరదేశయ్యగారు అతన్ని పిలిచారు. అతను గ్లాసు కింద పెట్టి, లేచి, చేతులు రెండూ పక్కలకి ఆనించి నిలబడ్డాడు.

"నాయుడూ, నడకలో ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు, గురువుగారూ. అందరూ వచ్చేశారు."

ముందు పోలయ్య నవ్వాడు. తర్వాత మిగతావాళ్ళు నవ్వారు. తవిటినాయుడికి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు.

"ఎటునుంచో వచ్చి ఎటో వెళ్ళిపోయినవాణ్ణి పనిలో ఎవరు పెట్టుకుంటారయ్యా?" అన్నారు పరదేశయ్యగారు.

తవిటినాయుడు మొహం ఎర్రబడింది. "మా దగ్గర ఎవరు చేసింది వాళ్ళు చెప్పుకోరండీ. చెప్పుకుంటే నామోషీ. పక్కనున్నవాళ్ళు చూస్తారు, పైవాళ్ళకి వాళ్ళే చెబుతారు."

"ఇక్కడ పక్కనున్నవాళ్ళు ముందుకి చూసి నడుస్తున్నారు కదా," అని, ఆయన మళ్ళీ అంబలి గ్లాసు అందుకున్నారు. ఆ రోజుకి తన పని అయిపోయినట్టే కూర్చున్నారు.

కానీ ఆదెమ్మకి ఒక అనుమానం పట్టుకుంది. అది తీరేదాకా ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

"అవును గానీ, బావూ, అంత ఎనక ఎందుకు నడిసినావు? మాతో నడిస్తే నీకేటైంది?"

"వెనక మనిషి కనిపిస్తే నడిచేవాళ్ళకి తొందర పుడుతుంది, పెద్దమ్మా. మనవల్ల ఆలస్యమైపోతోందని కాళ్ళు గబగబా వేస్తారు. గులకరాళ్ళ మీద అలా వేస్తే పడతారు. అందుకని కనిపించకూడదు. కేకేస్తే వినిపించేంత దగ్గర్లో మాత్రం ఉండాలి."

"కొండల్లో కూడా అంతేనా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు. బస్సుల్లో పుట్టి పెరిగిన మనిషి, అతనికి ఆసక్తి కలిగింది.

"అక్కడ ఇంకా ఎక్కువ. డ్రైవరు అలిసిపోయి ఉంటాడు. అద్దంలో నా లైట్లు కనిపిస్తే, నేను తరుముతున్నానని యాక్సిలరేటర్ నొక్కుతాడు. పక్కన లోయ. అందుకే ఒక మలుపు వదిలేసేవాణ్ణి."

"కనిపించకపోతే ముందు బండి బాగుందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"మంచు మీద టైరు జాడ ఉంటుంది కదా. జాడ తిన్నగా ఉంటే డ్రైవరు మెలకువగా ఉన్నట్టు. కొంచెం అటూ ఇటూ పోతోందంటే నిద్ర వస్తోందన్నమాట. అప్పుడు వైర్‌లెస్‌లో ముందుకి చెప్పి, టీ వంకతో వరసంతా ఆపించేవాణ్ణి. నిద్రొస్తోందని పేరు పెట్టి చెబితే వాడికి చిన్నతనం. అందరికీ టీ ఇస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. బ్రేకులు కాలుతున్నా వాసన మలుపు దాటి వచ్చేది. ఒకసారి..."

అతను ఒకసారి అని మొదలుపెట్టి, మరొకసారి, ఇంకొకసారి చెప్పాడు. నిలబడి ఉన్నవాడు ఎప్పుడు కూర్చున్నాడో అతనికే తెలియదు. చేతులు పక్కల నుంచి విడివడి గాలిలో మలుపులు తిప్పుతున్నాయి. పోలయ్య మధ్యలో ఆపి తాడు ఎంత లావుంటుందని అడిగాడు. ముందు బండి ఇవ్వలేదా అన్న ఫ్యాక్టరీ అబ్బాయి సంగతి కూడా మాటల్లో వచ్చింది. భజన చేసేవాళ్ళు దగ్గరికి జరిగారు. అంబలి చల్లారిపోయింది. చల్లారిన సంగతి ఎవరికీ పట్టలేదు.

అంతా విన్నాక ఆదెమ్మ అడిగింది. "అందరి ఎనకా నువ్వున్నావు. మరి నీ ఎనక ఎవులుండేవోరు, బావూ?"

"ఎవరూ ఉండరు, పెద్దమ్మా. నా బండి ఆగిపోతే వచ్చేవాళ్ళు ఉండరు. అందుకే ఆ సీటు అందరికీ ఇవ్వరు."

ఆదెమ్మ తన గ్లాసు కింద పెట్టింది.

"ఈ మాట ఆ ఫ్యాక్టరీ బావుకి సెప్పినావా?" అంది ఆదెమ్మ.

"అతను అడగలేదు."

"అడక్కపోతే?" అని, ఆవిడ ఇంకేదో అనబోయి, పరదేశయ్యగారు లేవడం చూసి ఆగిపోయింది.

అందరూ వెళ్ళిపోయాక తవిటినాయుడు గ్లాసులు కడిగే తొట్టి దగ్గర గురువుగారిని కలుసుకున్నాడు. "ఇవాళ చెప్పగలిగాను. వీళ్ళు అడిగారు కాబట్టి చెప్పగలిగాను. రేపు డెయిరీలో వాళ్ళు ఇలా అడగరు కదండీ. ఎన్నేళ్ళు చేశారు, ఏ ర్యాంకు, సర్టిఫికెట్లు ఏవి అంటారు."

"అంటారు," అన్నారు పరదేశయ్యగారు.

"అప్పుడు నేనేం చేయాలి?"

"అలా అడగమని ఆదెమ్మకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆవిడకి తెలుసుకోవాలనిపించింది."

ఆయన ఒక గ్లాసు బోర్లించి అతని చేతికిచ్చారు. రెండోది కూడా ఇచ్చారు.  తవిటినాయుడు ఆ గ్లాసులన్నీ తుడిచి అరలో పెట్టి ఇంటికి వెళ్ళాడు. సాయంత్రం హైదరాబాదు నుంచి బావ ఫోన్ చేశాడు. యూనిఫాం కొలతలు పంపమన్నాడు. ఒక్క రోజు ఆగు బావా అన్నాడు ఇతను. డెయిరీ వాళ్ళు నిన్ను మేనేజరుని చేస్తారనుకుంటున్నావా అని బావ నవ్వాడు. తవిటినాయుడు కూడా నవ్వాడు. కొలతలు మాత్రం పంపలేదు.

సోమవారం ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పరదేశయ్యగారు ఆశ్రమం ముంగిట ఆకులు ఊడుస్తున్నారు. తవిటినాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కాగితాల సంచీతో, మోటారు సైకిలు ఆపి దిగాడు.

"పదింటికి కదా రమ్మన్నది?" అన్నారాయన.

"అవునండీ. కానీ ఎనిమిదింటికల్లా పాల వ్యాన్లు ఊళ్ళ నుంచి తిరిగొస్తాయట. రాత్రి పడుకుంటే అదే ఆలోచన. పన్నెండు వ్యాన్లున్నాయని విన్నాను. పన్నెండూ ఒకేసారి బయలుదేరితే అందులో ఏదో ఒకటి రోజూ ఆఖరున వస్తుంది కదా. అది రోజూ ఒకటేనా, మారుతుందా? దారి బాగోలేకనా, బండి బాగోలేకనా, డ్రైవరు నిద్ర చాలకనా? ఎండెక్కాక వచ్చిన పాలు ఎన్ని విరిగిపోతున్నాయి? గేటు దగ్గర నిలబడి చూస్తాను." అని, తన మాటకి తనే నవ్వాడు. "గేటు దగ్గర నిలబడ్డం ఎలాగూ తప్పలేదు."

"చూసి?"

"చివరొచ్చిన డ్రైవర్ని అడుగుతాను. తర్వాత పదింటికి లోపలికెళ్ళి, వాళ్ళు నన్ను మొదటి ప్రశ్న అడిగేలోపల నేనే ఒకటి అడుగుతాను. ఆ వ్యాన్ ఎందుకు ఆలస్యమవుతోందో మీకు తెలుసా అని. వాళ్ళకి తెలియకపోతే నాకు చెప్పడానికి ఉంటుంది. తెలిస్తే నాకు నేర్చుకోవడానికి ఉంటుంది."

పరదేశయ్యగారు చీపురు ఆపారు. అతను నమస్కారం చేసి, బండెక్కి, కాలు కిక్కు మీద పెట్టాడు.

"ఒకటి మరిచిపోకు," అన్నారాయన. "అన్నిటికన్నా ముందొచ్చిన వ్యాన్‌ని కూడా ఆపి అడుగు, ఏ ఊరు వదిలేసి వచ్చిందో."